పవర్ మెనూకి పదికి నాలుగు మార్కులు

ఫోన్ రివ్యూ అంటే కెమెరా, బ్యాటరీ, డిస్‌ప్లే, హీటింగ్. ల్యాప్‌టాప్ రివ్యూ అంటే ప్రాసెసర్, ర్యామ్, కీబోర్డ్. కానీ రోజుకి కనీసం రెండుసార్లు అందరూ నొక్కే మెనూ ఒకటుంది, దానికి ఎవరూ మార్కులు వేయగా నేను చూడలేదు. స్టార్ట్ బటన్ నొక్కితే మూలన కనిపించే ఆ గుండ్రటి గుర్తు, దాని చుట్టూ ఉండే లాక్, సైన్ అవుట్, స్లీప్, షట్ డౌన్, రీస్టార్ట్. నా మార్కులు ముందే చెప్పేస్తా. పదికి నాలుగు. ఫీచర్లు తక్కువై కాదు. పేరు చెప్పేది ఒకటి, అది చేసేది ఇంకొకటి కాబట్టి.

ఏసీ ఆఫీసులో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఇదంతా పెద్ద విషయంగా అనిపించదు. మూత వేస్తాం, తెరుస్తాం, అంతే. కామారెడ్డిలో నెట్ సెంటర్‌లోనో, ఎల్లారెడ్డిలో ఎరువుల షాపులోనో కూర్చుని చూడండి. అక్కడ డెస్క్‌టాప్ ఇంకా బతికే ఉంది. ఒకే మెషీన్ రోజుకి నలభై చేతులు మారుతుంది. గాలివాన వస్తే కరెంట్ పోతుంది. యూపీఎస్‌లో బ్యాటరీ ఎప్పుడో మార్చాల్సింది. ఈ మెనూలో తప్పు ఆప్షన్ నొక్కితే ఎవరికి ఎంత నష్టమో అక్కడే తెలుస్తుంది.

షట్ డౌన్ చెప్పే అబద్ధం

మా మేనమామకి ఎల్లారెడ్డిలో ఎరువుల షాపు. సీజన్‌లో యూరియా కోసం జనం నిలబడి ఉన్నప్పుడే బిల్లు ప్రింటర్ మొరాయిస్తుంది, అప్పుడే నాకు ఫోన్ వస్తుంది.

"మామా, సిస్టం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యి."

"చేసిన అల్లుడా. షట్ డౌన్ కొట్టి, గోడకున్న స్విచ్చు గూడ బంద్ చేసి, చాయ్ తాగొచ్చి మళ్ల ఆన్ చేసిన. గట్లనే ఉంది."

"ఈసారి షట్ డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టు."

"రెండూ ఒకటే గదరా?"

ఒకటి కాదు. రీస్టార్ట్ కొట్టాక బిల్లు ప్రింటయింది. మామ అడిగిన ప్రశ్నలో మాత్రం ఏ తప్పూ లేదు. మామూలు మనిషి లెక్క ప్రకారం, పూర్తిగా ఆపి, స్విచ్ కూడా తీసేసి మళ్లీ పెట్టడమే పెద్ద మందు. రీస్టార్ట్ చిన్న మందు. విండోస్‌లో ఇది తలకిందులు.

2012లో విండోస్ 8తో పాటు ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. అప్పటినుంచి చాలా కంప్యూటర్లలో షట్ డౌన్ నొక్కితే జరిగేది ఇది: మీరు తెరిచిన ప్రోగ్రాములన్నీ మూసి, మిమ్మల్ని సైన్ అవుట్ చేస్తుంది. కానీ విండోస్ గుండెకాయ, అంటే కెర్నల్, దానితో పాటు నడిచే డ్రైవర్లు, ఇవి మెమరీలో ఎలా ఉన్నాయో అలాగే డిస్క్ మీద ఒక ఫైల్‌లో రాసిపెట్టి అప్పుడు కరెంట్ ఆపుతుంది. తెల్లారి ఆన్ చేస్తే కొత్తగా మొదలుపెట్టదు, రాసిపెట్టుకున్నది మళ్లీ మెమరీలోకి ఎత్తుకుంటుంది. నిన్న అలిగిన ప్రింటర్ డ్రైవర్ ఇవాళ కూడా అదే అలకతో లేస్తుంది. గోడ స్విచ్ వారం రోజులు తీసి పెట్టినా లాభం లేదు, ఎందుకంటే ఆ అలక ఉన్నది డిస్క్ మీద. రీస్టార్ట్ మాత్రం ఈ షార్ట్‌కట్ వాడదు, అన్నీ మొదటినుంచి లోడ్ చేస్తుంది.

నమ్మకం లేకపోతే ఇప్పుడే చూసుకోండి. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కింద అప్ టైమ్ అని ఉంటుంది. రోజూ రాత్రి షట్ డౌన్ చేసే మెషీన్‌లో కూడా అది పది రోజులనో పదిహేను రోజులనో చూపిస్తే, మీ షట్ డౌన్ అసలు షట్ డౌన్ కాదన్నమాట. నిజంగా ఆపాలంటే షిఫ్ట్ కీ పట్టుకుని షట్ డౌన్ నొక్కాలి. ఈ షిఫ్ట్ సంగతి మెనూలో ఎక్కడా రాసి ఉండదు. పూర్తిగా ఆపడానికి రహస్య కీ పెట్టినవాళ్లకి మార్కులు కోయకుండా ఎలా ఉంటాను?

హార్డ్ డిస్క్ రోజుల్లో ఫాస్ట్ స్టార్టప్‌కి న్యాయం ఉంది, ఒప్పుకుంటా. బూట్ అవడానికి ఒక చాయ్ టైమ్ పట్టేది. ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో ఇప్పుడు మిగిలేది కొన్ని సెకన్లు. ఆ సెకన్ల కోసం షట్ డౌన్ అనే మాటకి అర్థమే మార్చేయడం నాకు నచ్చదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీ తెరవండి. పైన ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులు మార్చే లింక్ నొక్కితే కింద టిక్కులు తెరుచుకుంటాయి. ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. ఉబుంటు కూడా వేసుకున్న బీటెక్ తమ్ముళ్లకి ఇది ఇంకా ముఖ్యం. విండోస్ సగం నిద్రలో ఉంటే లినక్స్‌లోంచి ఆ పార్టిషన్‌లో రాయడం కుదరదు, చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. "నా డి డ్రైవ్ లాకైపోయింది అన్నా" అని వచ్చే మెసేజ్‌లలో చాలావాటికి జవాబు ఇదే.

ఇంకో అబద్ధం ఈ మధ్యే సరిచేశారు. అప్‌డేట్ అండ్ షట్ డౌన్ అని నొక్కి పడుకుంటే, అప్‌డేట్ అయ్యాక మెషీన్ ఆగకుండా మళ్లీ లేచి లాగిన్ స్క్రీన్ దగ్గర కూర్చునేది. దీనికి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు చివర్లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్‌లో గానీ మందు వేయలేదు.

కొంచెం చరిత్ర

విండోస్ 95లో షట్ డౌన్ కొడితే నల్లటి స్క్రీన్ మీద నారింజ రంగు అక్షరాలు వచ్చేవి, ఇక మీరు కంప్యూటర్ ఆపుకోవచ్చు అని. అప్పుడు మనం చేత్తో స్విచ్ నొక్కాలి. కేబినెట్ మీది బటన్ అచ్చం ఫ్యాన్ స్విచ్ లాంటిదే, నొక్కితే కరెంటే పోయేది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ డిజైన్ తెచ్చాక ఆ బటన్ స్విచ్ కాదు, ఒక విన్నపం అయింది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణం ప్రకటించాయి. కంప్యూటర్ ఎన్ని రకాలుగా నిద్రపోవచ్చో అందులోనే రాసుంది. ఎస్3 అంటే మెమరీకి మాత్రం కరెంట్ ఇచ్చి మిగతాది ఆపడం, ఎస్4 అంటే మొత్తం డిస్క్ మీద రాసి ఆపడం, ఎస్5 అంటే ఆఫ్. బటన్‌ని నాలుగు సెకన్లకి పైగా నొక్కి పట్టుకుంటే బలవంతంగా ఆగిపోవడం కూడా ఆ ప్రమాణంలోదే.

అక్కడితో ఆగితే బాగుండేది. 2006లో విస్టా రాబోతుంటే జోయెల్ స్పోల్‌స్కీ అనే ప్రోగ్రామర్ ఆ మెనూలో ఆప్షన్లు లెక్కపెట్టాడు. స్క్రీన్ మీద తొమ్మిది, ల్యాప్‌టాప్ కీలు, బటన్, మూత కలిపితే పదిహేను. దానికి జవాబుగా, ఆ మెనూ మీద పనిచేసి మైక్రోసాఫ్ట్ వదిలి వచ్చిన మోయిషె లెట్విన్ రాసింది ఇంకా ఘోరం. ఈ ఒక్క మెనూ విషయంలో మాట చెల్లే మనుషులు తన లెక్కలో 43 మంది. నలభై ముగ్గురు కూర్చుని పెళ్లి కుదుర్చుకున్నా ఇంతకంటే తొందరగా అయ్యేదేమో.

ఓపెన్ సోర్స్ వాళ్లు తెలివైనవాళ్లు అనుకోకండి. 2011లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు మెనూలో సస్పెండ్ ఒక్కటే కనిపించేది. పవర్ ఆఫ్ కావాలంటే ఆల్ట్ కీ పట్టుకోవాలి. జనం తిట్టాక తర్వాత మళ్లీ బయటికి తెచ్చారు. ఫోన్లు కూడా ఇదే దారిలో ఉన్నాయి. పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఫోన్ ఆఫ్ కాకుండా ఏఐ అసిస్టెంట్ వచ్చి ఏం సాయం కావాలి అని అడుగుతోంది. ఆఫ్ చెయ్యి తల్లీ, అంతే.

కరెంట్ పోయే ఊళ్లో స్లీప్

స్లీప్‌లో మీ పని అంతా ర్యామ్‌లోనే ఉంటుంది. ర్యామ్ చిల్లుల కుండ లాంటిది. అందులోని చార్జ్ కారిపోతూనే ఉంటుంది కాబట్టి సెకనులో చాలాసార్లు నింపుతూ ఉండాలి, మామూలు లెక్క ప్రతి 64 మిల్లీసెకన్లకి ఒకసారి. కరెంట్ ఆగిందంటే నింపేవాడు లేడు, కుండ ఖాళీ. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి స్లీప్ సుఖమే. డెస్క్‌టాప్‌కి లేదు.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి కూడా 24 గంటల కరెంట్ అన్నారు. పాతరోజుల కోతలతో పోలిస్తే ఇప్పటి పరిస్థితి వేరే, అది నిజం. కానీ కోత లేకపోవడం వేరు, అంతరాయం లేకపోవడం వేరు. కొమ్మలు కొట్టడానికి లైన్‌మ్యాన్ ఎల్‌సీ తీసుకుంటాడు. ఈదురుగాలికి తీగలు తగులుకుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతుంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డిలో పడిన వానకి హైవే, రైలు పట్టాలే దెబ్బతిన్నాయి. అలాంటి వారంలో సగం టైప్ చేసిన అప్లికేషన్‌ని స్లీప్‌లో పెట్టి అన్నానికి పోవడం అంటే దేవుడి మీద భారం వేయడమే.

దీనికి విరుగుడు హైబర్నేట్. చిన్నప్పుడు జీవశాస్త్రంలో చదివాం కదా, కప్ప చలికాలంలో మట్టిలోకి దూరి పడుకుంటుందని, శీతాకాల సుప్తావస్థ అని. అదే. తెరిచిన ఫైళ్లు, ట్యాబులు, బిల్లులు అన్నీ డిస్క్ మీద రాసేసి మెషీన్ పూర్తిగా ఆగుతుంది. ఇక గోడ స్విచ్ తీసినా, మూడు రోజులు కరెంట్ లేకపోయినా ఏం కాదు. ఆన్ చేస్తే వదిలిన చోటే లేస్తుంది. మన ఊళ్లకి పనికొచ్చే ఆప్షన్ ఏదైనా ఉంటే ఇదే. విండోస్ 10, 11 మెనూలో మాత్రం మామూలుగా ఇది కనిపించదు, దాచిపెట్టారు. కరెంట్ పోని దేశంలో కూర్చుని డిజైన్ చేస్తే ఇట్లాగే ఉంటుంది. ఇందాక ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసిన పేజీలోనే దాని కింద హైబర్నేట్ టిక్ ఉంటుంది, అది పెట్టండి. డిస్క్‌లో కొంత చోటు తింటుంది. సాధారణంగా ర్యామ్‌లో 40 శాతం, అంటే 16 జీబీ ర్యామ్ ఉంటే ఆరున్నర జీబీ దగ్గర్లో. ఇది రెండు సినిమాల చోటు. తీసేసిన సినిమా మళ్లీ దొరుకుతుంది, ఎగిరిపోయిన బిల్లుల లెక్క దొరకదు.

అదే పేజీలో పైన ఇంకో సెట్టింగ్ ఉంది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యాసంలో పనికొచ్చే ముక్క ఇదే. పవర్ బటన్ నొక్కితే ఏం చేయాలి అని అడుగుతుంది. అక్కడ షట్ డౌన్ తీసి హైబర్నేట్ పెట్టండి. అంటే కేబినెట్ మీది బటన్, అదే మనోళ్లు సీపీయూ అంటారు, ఒక్కసారి నొక్కి వదిలేస్తే చాలు, పని అంతా భద్రంగా డిస్క్‌లోకి పోతుంది. షాపుల్లో వాడే 600 వీఏ యూపీఎస్‌లకి చాలావరకు కంప్యూటర్‌తో మాట్లాడే కేబుల్ కలిపి ఉండదు. కరెంట్ పోయిందని విండోస్‌కి తెలీదు, కీచుమని అరిచే చప్పుడు విని మనిషే స్పందించాలి. బ్యాటరీ కొత్తదైతే పది పదిహేను నిమిషాలు, పాతదైతే రెండే నిమిషాలు. ఆ కంగారులో మౌస్ పట్టుకుని స్టార్ట్, పవర్, ఆప్షన్ అని వెతుక్కోవడం ఎవరికీ కుదరదు. మానిటర్‌ని యూపీఎస్‌కి కలపలేదంటే స్క్రీన్ కూడా ఉండదు. బటన్ అయితే చీకట్లో కూడా దొరుకుతుంది. మామ షాపులో ఈ మార్పు చేసి, "నొక్కి వదిలెయ్యి, పట్టుకుని నిలబడకు" అని రెండుసార్లు చెప్పి వచ్చా. నాలుగు సెకన్ల సంగతి గుర్తుంది కదా, పట్టుకుంటే గొంతు పిసికినట్టే.

స్లీపే అలవాటు, మార్చుకోలేం అనేవాళ్లకి మధ్యేమార్గం ఉంది. విస్టా నుంచి ఉన్న హైబ్రిడ్ స్లీప్. ర్యామ్‌లోది డిస్క్ మీద కూడా ఒక కాపీ రాసి అప్పుడు నిద్రపోతుంది. కరెంట్ ఉంటే వెంటనే లేస్తుంది, పోతే కాపీలోంచి లేస్తుంది. పవర్ ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగులలో స్లీప్ కింద వెతకండి. కొన్ని కొత్త మెషీన్లలో ఈ ఆప్షన్ రాదు, అప్పుడు హైబర్నేటే గతి.

లాడ్జి గది లెక్క

పవర్ సంగతి తప్పితే పోయేది పని. సెషన్ సంగతి తప్పితే పోయేది మీ పేరు, మీ సీటు, మీ కాగితాలు.

కామారెడ్డిలో ఒక నెట్ సెంటర్‌లో ప్రింట్ కోసం కూర్చున్నా. బ్రౌజర్ తెరిస్తే ఎవరిదో జీమెయిల్ తెరిచే ఉంది. పక్క ట్యాబులో ఇంకెవరిదో వాట్సాప్ వెబ్. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఆధార్ పీడీఎఫ్‌లు, కులం సర్టిఫికెట్లు, మార్కుల మెమోలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, ఒక నెల సరుకు. ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారేమో. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కనే ఆ మనిషి మార్కుల మెమో ఉన్నప్పుడు ఇది తాళమా? రాత్రి షాపు మూసేటప్పుడు ఓనర్ అన్ని సిస్టంలకి ఒకేసారి మెయిన్ ఆపేస్తాడు. తెల్లారి మెయిన్ వేస్తే ఆ జీమెయిల్ మళ్లీ అలాగే తెరుచుకుంటుంది.

ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్ కౌన్సెలింగ్, డిగ్రీకి దోస్త్, గ్రూప్స్ అప్లికేషన్లు, ఇవన్నీ చుట్టుపక్కల మండలాల పిల్లలు చేసేది ఇలాంటి కుర్చీల్లోనే. ఫోన్‌లో కుదిరినా, ఇరవై పేజీల వెబ్ ఆప్షన్లు ఫోన్‌లో పెట్టే ధైర్యం చాలామందికి ఉండదు. ఏ కాలేజీ ముందు, ఏ కాలేజీ వెనక అన్న వరస మీద నాలుగేళ్లు ఆధారపడి ఉన్నప్పుడు, మీ లాగిన్ తెరిచి ఉంచి జిరాక్స్ కోసం లేవడం చిన్న విషయం కాదు.

ఇక్కడ లాక్, స్విచ్ యూజర్, సైన్ అవుట్ మధ్య తేడా తెలియాలి. లాడ్జి గది అనుకోండి. లాక్ అంటే సామాన్లు లోపలే ఉంచి తాళం వేసి టిఫిన్‌కి పోవడం. లోపల ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, డౌన్‌లోడ్ నడుస్తూనే ఉంటుంది. విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కితే చాలు. స్విచ్ యూజర్ అంటే మీ గదికి తాళం వేసి, ఇంకొకరికి పక్క గది ఇవ్వడం. రెండు గదుల ఫ్యాన్లూ తిరుగుతాయి, 4 జీబీ ర్యామ్ మెషీన్ అయితే అక్కడే ఏడుపు మొదలు. సైన్ అవుట్ అంటే సామాన్లు తీసుకుని గది ఖాళీ చేయడం.

ఇంతవరకు పుస్తకాల్లో కూడా దొరుకుతుంది. అసలు మెలిక వేరే. నెట్ సెంటర్‌లో అందరూ వాడేది ఒకటే విండోస్ అకౌంట్, ఒకటే గది. మీరు సైన్ అవుట్ కొట్టి వెళ్లినా, వెనక వచ్చినవాడు అదే గది తాళం తీసుకుంటాడు. మీ జీమెయిల్, మీ వాట్సాప్ బ్రౌజర్‌లో గుర్తుపెట్టుకుని ఉంటాయి, విండోస్ సైన్ అవుట్ వాటిని ముట్టుకోదు. షట్ డౌన్ కూడా ముట్టుకోదు, మెయిన్ ఆపినా ముట్టుకోదు. పవర్ మెనూలో ఉన్న సైన్ అవుట్ అనే మాట మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. అది మెషీన్ నుంచి బయటికి పంపుతుంది, ఇంటర్నెట్ నుంచి కాదు. కుర్రాళ్లు మాత్రం అన్నిట్లోంచి బయటికి వచ్చేశాం అనుకుని లేస్తారు.

కాబట్టి అలాంటి కుర్చీలో కూర్చోగానే మొదటి పని క్రోమ్‌లో పైన కుడివైపు బొమ్మ నొక్కి గెస్ట్ విండో తెరవడం. అన్ని గెస్ట్ విండోలు మూసేస్తే లాగిన్లు, హిస్టరీ అందులోనే పోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు పోవు, అవి మీరే షిఫ్ట్ డిలీట్ కొట్టాలి, ఉత్త డిలీట్ కొడితే రీసైకిల్ బిన్‌లో కూర్చుంటాయి. వాట్సాప్ వెబ్ వాడితే ఇంటికి పోయేలోపు, బస్సు లింగంపేట దాటేలోపే ఫోన్‌లో లింక్‌డ్ డివైసెస్ చూసి తెలియని పేరు ఉంటే తీసేయండి. జీమెయిల్‌కి కూడా ఫోన్ నుంచే వేరే మెషీన్లలో లాగౌట్ చేసే వీలుంది.

నెట్ సెంటర్ ఓనర్లు చేయాల్సింది ఇంకా ఎక్కువ. అడ్మిన్ అకౌంట్ తమకి ఉంచుకుని, కస్టమర్లకి మామూలు లోకల్ అకౌంట్ వేరే పెట్టాలి. డెస్క్‌టాప్ మీద క్రోమ్ బొమ్మ నొక్కితే గెస్ట్ మోడ్‌లోనే తెరుచుకునేలా పెట్టడం రెండు నిమిషాల పని. రాత్రి మెయిన్ ఆపే ముందు డౌన్‌లోడ్స్ ఖాళీ చేయడం ఇంకో రెండు నిమిషాలు. ఇదే మాట ఆ ఓనర్‌తో అంటే ఆయన బాధ ఆయన చెప్పాడు: "అకౌంట్ మారిస్తే ప్రింటర్ పోతది తమ్మీ, రష్ టైంల ఎవడు సెట్ చేస్తడు?" భయం న్యాయమైనదే, కానీ అవసరం లేదు. యూఎస్‌బీతో కలిపిన ప్రింటర్ ఒక అకౌంట్‌కి కాదు, మెషీన్ మొత్తానికి ఇన్‌స్టాల్ అవుతుంది, కొత్త అకౌంట్‌లో కూడా కనిపిస్తుంది. డిఫాల్ట్ ప్రింటర్ ఏదో మాత్రం ఒక్కసారి ఎంచుకుంటే సరిపోతుంది. నెట్‌వర్క్‌లో వేరే కంప్యూటర్ నుంచి షేర్ చేసిన ప్రింటర్ అయితే కొత్త అకౌంట్‌లో మళ్లీ కలపాలి, అది కూడా ఒక్కసారే. ఆయన దగ్గరున్నది యూఎస్‌బీదే. మొదటి సిస్టం మీద చేసి చూపించా, ప్రింట్ వచ్చింది. మిగతా వాటికి అడ్మిషన్ల సీజన్ అయ్యాక చూద్దాం అన్నాడు.